తయారుచేసినవారి పేరు

“ఇంకోసారి చదువు బాబూ... ఆ చివరి గడి!” అంది విజయరత్నం.

హయాత్ బాషా కళ్ళజోడు సరిచేసుకున్నాడు. కడప మనిషి. గల్ఫులో ఉన్న అల్ ఐన్‌ బజారులో అరబ్బీ, ఇంగ్లీషు దరఖాస్తులు టైపు కొట్టే దుకాణం అతనిది. సంతకం కోసం కాగితం ఇంటికే తెచ్చాడు.

“అదే పెద్దమ్మా. సరుకు, పచ్చి ఖర్జూరం ఆవకాయ. విభాగం నాలుగు, నిల్వ పచ్చళ్ళు. తయారుచేసినవారి పేరు... సంతోషకుమారి. మీ కోడలు నిన్న దుకాణానికొచ్చి పేరు మార్పించిపోయెనే! మీకు చెప్పలేదా?”

విజయరత్నం ఒళ్ళో రెండేళ్ళ మనవరాలు బేబీ ఆమె వేళ్ళు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. ఆ వేళ్ళు తనవేనా అన్నట్టు చూస్తూ ఉండిపోయింది ఆమె. ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. గుండె ఉన్నచోట ఎవరో తడిబట్ట పరిచినట్టు... అంతే!

ఖర్జూరపు తోటలో గోడౌను చూసుకుంటాడు కొడుకు శాంతరాజు. మామిడికాయ దొరకని ఈ దేశంలో ఆమె పచ్చి ఖర్జూరాన్ని ఉప్పునీళ్ళలో ఊరేసి, వగరు పోగొట్టి, నిమ్మరసం పిండి ఆవ పెట్టింది. కొడుకు క్యారేజీలోంచి ఒక ముక్క తిన్న ముదీర్, అదే తోట మేనేజరు, మంచినీళ్ళు తాగి మరీ ఇంకో ముక్క అడిగాడట! దేశం మొత్తానికీ ఆహార పదార్థాల పోటీ పెడుతున్నారని తెలిసి, తోట తరఫున ఈ పచ్చడే పంపుదామన్నాడు. శాంతరాజు ఆ రోజంతా విభాగాలు పైకి చదువుతూ గంతులేశాడు. తీపి వంటలు, పాలసరుకులు, మసాలాలు, నిల్వ పచ్చళ్ళు... ముఖ్యమైన సరుకు ఈ దేశంలో పండినదే అయ్యుండాలి, ఒకే విడతలో కలిపిన పచ్చడి ఆరు సీసాలు పంపాలి, రంగు వాడకూడదు. “అమ్మా, నీ పేరు పేపర్లో పడుతుందే!” అన్నాడు. అయిదో తరగతితో చదువాపేసిన మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉందో!

ఆ పేరే పోయింది ఇప్పుడు.

ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైతే ఊళ్ళో ఎవరో పోయారనుకునే మనసు ఆమెది. ఊరుకుంటుందా? మొదట పచ్చడి పేరు... తర్వాత వంటిల్లు... ఆఖరికి నా టికెట్టు! మూడు నెలలకోసారి పొడిగించుకునే విజిట్ వీసా. వద్దనుకుంటే ఒక్క మాట చాలదూ?

సాయంత్రం కోడలు సంతోషకుమారి ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి శాంతరాజు కాగితం పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మా అమ్మ చేతి ముద్ద తింటూ మా అమ్మ పేరే కొట్టేస్తావా? అందులో ఆవపిండి ఎంత పడుతుందో తెలుసా నీకు?”

“తెలీదండీ.”

“మరి?”

“నా పేరే ఉండనివ్వండి.”

“సిగ్గుందా నీకు? తెల్లకోటు తొడుక్కుంటే అత్తగారు ఆయా అయిపోతుందా!”

సంతోషకుమారి చెప్పులు విడిచి, తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ‘ఊరుకోరా’ అనాలి తను. పెద్దది కదా! కానీ విజయరత్నం అనలేదు... కొడుకు ఇంకో మాట అంటే బాగుండునని కూడా అనిపించింది. ఆ సంగతి తరువాత తలుచుకుని ఎన్నిసార్లు ప్రభువు ముందు మోకరించిందో!

మర్నాడు ఇద్దరూ పనులకు వెళ్ళాక, బేబీని చంకనేసుకుని రెండు వీధులు నడిచి బాషా దుకాణానికి వెళ్ళింది.

“నా పేరు మళ్ళీ కొట్టు బాబూ.”

“కొడతాలే పెద్దమ్మా, ఎంతసేపు! కానీ మీ ఎక్స్‌రే కావాల.”

“ఏం ఎక్స్‌రే?”

బాషా కాగితం తిప్పాడు. శాంతరాజు ముందు పేజీయే చదివాడు. వెనక పేజీ ఉందన్న సంగతే అతనికి తోచలేదు! “ఇదో, ఏడో రూలు. సరుకులో చెయ్యి పెట్టిన మనిషి ఛాతీ ఫోటో తీయించి, ఆరోగ్యం కార్డు జతచేయాల. ఆసుపత్రి వాళ్ళయితే ఉన్న కార్డే చాలు.”

“అందులో... మచ్చ కనిపిస్తే?”

“మచ్చా? ఇంకేముండాది, ఖలాస్! పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి విమానం ఎక్కిస్తారు. మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టే పనిలే.”

విజయరత్నం బల్ల అంచు పట్టుకుంది.

శాంతరాజు పాలు తాగే వయసులో ఆమెకు క్షయ వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో పద్నాలుగు నెలలు! పుట్టింటికెళ్ళిందని ఊళ్ళో చెప్పుకున్నారు. కట్టుకున్నవాడు ఆ రహస్యంతోనే సమాధిలోకి వెళ్ళాడు, కొడుక్కి ఈనాటికీ తెలియదు. తెలిస్తే ఒళ్ళో పసిదాన్ని లాగేసుకుంటారన్న భయంతో దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది.

కానీ... వచ్చిన కొత్తలో ఆగని దగ్గొస్తే కోడలే వెనక గుమ్మంలోంచి ఆసుపత్రికి తీసుకెళ్ళి, పేరైనా రాయించకుండా ఒక చల్లటి పలకకు ఆనించి నిలబెట్టింది. “ఏం లేదత్తయ్యా, ఇక్కడి దుమ్ము మీ ఒంటికి పడలేదు” అంది. ఆ రోజు సాయంత్రమే బేబీని తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టి, “ముద్దలు మీరు పెడితేనే తింటుంది” అంది!

తెలిసీ! తెలిసీ తన కంచం వేరు చేయలేదు... తెలిసీ కన్నబిడ్డను తెచ్చి ఈ ఒళ్ళోనే కూర్చోబెట్టింది!

ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చింది సంతోషకుమారి. వంటింట్లో అత్తా కోడళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు.

“నా ఛాతీ సంగతి నీకు తెలుసా?”

కోడలు వంటింటి తలుపు దగ్గరగా వేసింది. “పాత మచ్చ అత్తయ్యా. ఎప్పుడో మానిపోయింది. ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాడు. కానీ ఇక్కడి కాగితానికి పాతా కొత్తా తెలీదు.”

“నిన్న వాడు అన్ని మాటలంటుంటే... చెప్పలేకపోయావా?”

“మీరు చెప్పనిది నేనెలా చెప్తానత్తయ్యా?”

విజయరత్నం కోడలి చెయ్యి పట్టుకుంది. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు.

కొడుకు రాగానే ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పేసింది, ఎవరి కథో చెప్పినట్టు.

“ఆ పద్నాలుగు నెలలూ... నాకు పాలెవరు పట్టారమ్మా?”

“మీ మేనత్త.”

అతను లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. “సంతోషం... నేను నిన్న...”

“టీ పోశాను. చల్లారిపోతుంది, తాగండి.” కోడలు మొహం ఇటు తిప్పలేదు.

“వద్దమ్మా ఈ పోటీ! చించేస్తాను” అన్నాడు శాంతరాజు, టీ పక్కన పెట్టేసి.

“చించమని ఎవడు చెప్పాడు? గడువెంతుంది?”

“తొమ్మిది రోజులు.”

“చాలు. అబద్ధ సాక్ష్యం పలకొద్దన్నాడు దేవుడు. చెయ్యని పచ్చడి చేశానని నా కోడలు సంతకం పెట్టకూడదు. రేపు పచ్చి గెల పట్రా. ఇదే కలుపుతుంది. నేను చెయ్యి పెట్టను.”

ఈ దేశపు సెలవురోజు శుక్రవారం, చర్చిలో ప్రార్థన అయ్యాక సంతోషకుమారి మోచేతుల దాకా చేతులు కడుక్కుని బేసిను ముందు కూర్చుంది. విజయరత్నం పీట మీద, రెండు చేతులూ కొంగు కింద కట్టేసుకుంది.

“ఉప్పెంతత్తయ్యా?”

“చేతికి తెలుస్తుంది.”

“నా చేతికి ఇంజక్షన్ తప్ప ఏం తెలీదు!”

“అయితే సూది పొడిచినట్టే భయం లేకుండా వెయ్యి. ఎక్కువైతే మూడో రోజు తిరగకలిపేటప్పుడు చూసుకుందాం.”

మూడో రోజు మూత తీశారు. కోడలు గరిటెతో తిరగకలిపి, చెంచాతో ఒక ముక్క అత్తగారి అరచేతిలో వేసింది. విజయరత్నం నోట్లో పెట్టుకుంది. ఉప్పు ఒక పిసరు ఎక్కువ. ఆవ ఘాటు తక్కువ. ఇది ఆమె పచ్చడి కాదు... మరి ఏనాటికీ ఆమె పచ్చడి అవదు!

కోడలు ఊపిరి బిగబట్టి చూస్తోంది.

“బాగుంది” అంది విజయరత్నం. “కాగితం తెచ్చుకో. ఇప్పుడు సంతకం పెట్టవే తల్లీ.”