గోడ తట్టినాయన

దోహా పాతపేట ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని పాతకాలపు అరబ్బు ఇంటిని శుక్రవారం సాయంత్రాలు జనానికి తిప్పి చూపించడం జయంత్‌కు మహా సరదా. జీతం ఒక్క రియాలు లేదు, చొక్కాకు ‘గైడ్’ అన్న బ్యాడ్జి మాత్రం ఉంది. అది తగిలించుకుంటే మనిషి అంగుళం పొడుగయ్యేవాడు.

1996 జనవరిలో దోహాను రెండు రోజులు వాన తడిపిపోయింది. ఆ శుక్రవారం అతను నలుగురు దొరసానులకు నగిషీ గోడ చూపిస్తూ, “ఎనభై ఏళ్ళ నాటి పనితనం” అని ఇంగ్లీషులో ఊదరగొడుతున్నాడు. ఇంతలో వెలిసిన చొక్కా వేసుకున్న ఒకాయన ఆ గోడకు చెవి ఆనించి, వేలి కణుపులతో టకటకా తట్టసాగాడు.

“ఈ క్యాంపు కూలీలకి చెయ్యి ఊరుకోదు,” అని తెలుగులో విసుక్కుని, దొరసానులకు సారీ చెప్పాడు జయంత్.

“ఆ కూలీ మా నాయిన.”

తిరిగి చూస్తే నీలం చుడీదార్‌లో ఒక అమ్మాయి. కళ్ళు పెద్దవి, అందులో కోపం ఇంకా పెద్దది.

“పాతది రాలిపోతే ఆ నగిషీ పోయిన ఎండకాలం మా నాయిన మళ్ల చేసిందే. వానకు లోపల బోలు పడ్డదేమోనని సెలవు నాడు గూడ చూడొచ్చిండు. మీరు ఎన్నడన్న తట్టి చూసిండ్రా?”

“ఊకో సుహాసినీ. సారుకు తెల్వదు గదా,” అన్నాడు ఆ గోడ తట్టినాయన ముత్యం, నెమ్మదిగా.

ఆయన తిట్టినా బాగుండేది. జయంత్‌కు చెవులు కాలిపోయాయి. వారమంతా అన్నం సయించలేదు.

మరుసటి శుక్రవారం ఆమె కనబడగానే ఎదురెళ్ళాడు. “క్షమించండి.”

“నాకెందుకు? ఆయనకు చెప్పుండ్రి.”

చెప్పాడు. చెప్పి, పని సంగతులు నేర్పమన్నాడు. అప్పటినుంచి ముత్యం గోడ కథ చెప్పడం, జయంత్ దాన్ని ఇంగ్లీషులో పెట్టడం, ఆసుపత్రి నర్సు సుహాసిని అతని తప్పులు పట్టి నవ్వడం మామూలైపోయింది.

“మీ ‘వచ్చిండు, పోయిండు’ వినడానికి వారమంతా ఎదురుచూస్తున్నా,” అన్నాడు జయంత్ సుహాసినితో, ఒక చినుకుల సాయంత్రం.

సుహాసిని నవ్వలేదు. “మా నాయిన గురించి మీ ఇంట్ల ఏమని చెప్తరు? ముందుగాల అది చెప్పుండ్రి. మిగతా మాటలు తర్వాత.”

“ఉన్నది ఉన్నట్టే చెప్తాను.”

మార్చిలో మదీనత్ ఖలీఫాలోని తమ ఇంటి నుంచి అమ్మానాన్నలను తీసుకొచ్చాడు. తండ్రి శ్రీరామమూర్తి గారు పైకప్పు దూలాలు చూస్తున్నారు. తల్లి కమలాదేవి గారు ముత్యం వైపు చూసి, “ఎవర్రా ఆయన?” అన్నారు.

“ఇక్కడ... పనిచేసే మనిషి.”

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని జయంత్ నమ్మలేకపోయాడు. సుహాసిని మొహం తిప్పుకుంది. ముత్యం మాత్రం ఒక నమస్కారం పెట్టి, పెద్దవాళ్ళకు దారిస్తూ గోడ వారకు జరిగాడు. ఆ జరగడం చూశాక జయంత్ తనను తాను భరించలేకపోయాడు.

“కాదమ్మా, తప్పు చెప్పాను. ఈయన ముత్యం గారు. ఈ గోడ చేసిన మేస్త్రి, నాకు పని సంగతులు నేర్పిన గురువు. ఆ అమ్మాయి సుహాసిని, వారి కూతురు. ఆమె ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటానని చెప్పడానికే మిమ్మల్ని తీసుకొచ్చాను. తీరా వచ్చాక నోరు పెగల్లేదు. సిగ్గుగా ఉంది.”

కమలాదేవి గారు కొడుకును ఎగాదిగా చూశారు. “సిగ్గుపడాల్సిందే. పెద్దమనిషిని ఎదురుగా పెట్టుకుని అనే మాటేనా అది?”

తర్వాత భర్త వైపు చూశారు. ఆయన తల ఊపారు. ఆవిడ కొంగు సర్దుకుని ముత్యం దగ్గరకు నడిచారు.

“అన్నయ్యగారూ, వచ్చే శుక్రవారం అమ్మాయిని తీసుకుని మా ఇంటికి భోజనానికి రండి.”

పిల్లవాడి తల్లి ‘అన్నయ్యగారూ’ అంటే ఏమిటో ముత్యానికి ఒకరు చెప్పనక్కర్లేదు. “వస్తం చెల్లె,” అన్నాడు.

జయంత్ నేల చూపులు చూస్తూనే ఉన్నాడు. సుహాసిని వచ్చి పక్కన నిలబడింది.

“మొదలు చెప్పిన మాట నేను మర్చిపోను,” అంది.

“మర్చిపోవద్దు.”

“రెండో మాట గూడ విన్న. ఇగ తలకాయ ఎత్తుండ్రి, మా నాయిన మిమ్మల్నే చూస్తుండు.”