పదిహేను నిమిషాలు తీసేస్తే

షట్టర్ సగం దిగింది. ఆ సగంలోంచి ముందు ఒక తల, ఆ తర్వాత మెడలో వేలాడే ఈల, ఆ వెనక మిగతా మనిషి లోపలికి వచ్చాడు. తల తడిసి ఉంది. బయట చూస్తే వాన లేదు.

"షాపు మూసేశామండీ," అంది కౌంటర్ వెనకున్న అమ్మాయి.

అతను గోడ గడియారం వైపు చూశాడు. అది సరిగ్గా ఎనిమిది చూపిస్తోంది.

"ఇంకా పదిహేను నిమిషాలుంది కదండీ," అన్నాడు ఎంతో మర్యాదగా.

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. గోడనిండా గడియారాలే. అన్నీ ఎనిమిదే అంటున్నాయి. మామూలుగా వాచీల షాపుల్లో ఏ గడియారం దారి దానిదే. ఇక్కడ మాత్రం ఆ పప్పులుడకవు. వెనక గదిలో కంటికి భూతద్దం బిగించుకుని రిపేర్లు చేసే ఆమె నాన్న, ఒక్క ముల్లు తేడా వచ్చినా ఆ రోజు అన్నం సరిగ్గా తినడు.

"మీకు గడియారం చూడ్డం వచ్చా?"

"వచ్చండీ. లేనిదల్లా మంచి గడియారమే. అందుకే వచ్చాను."

బేరం ఎప్పుడొచ్చినా బేరమే. షట్టర్ అక్కడే ఆగింది.

"పూల్‌లో పిల్లలకి ఈత నేర్పుతాను," అన్నాడు అతను స్టూలు లాక్కుంటూ. "పొద్దున్నే గేటు తాళం తీయాల్సింది నేనే. దారిలో బస్టాండు గడియారం చూసుకునే వెళ్తాను, అయినా నేను వెళ్ళేసరికి పిల్లలంతా తువ్వాళ్ళు కప్పుకుని వణుకుతుంటారు. అందరూ కలిసి లేటు సార్ అని పేరు పెట్టేశారు. మొన్న ఒక పిల్లాడి తండ్రి ఫోన్ చేసి, లేటు గారేనా మాట్లాడేది అన్నాడు. పాపం, అది మా ఇంటిపేరనుకున్నాడు."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి అద్దం తుడవడం మొదలుపెట్టింది. "ఎలాంటి వాచీ కావాలి?"

"డిజిటల్ స్పోర్ట్స్ వాచీ. నేను మునిగినా అది మునగకూడదు. స్టాప్‌వాచ్ ఉండాలి. అంకెలు పెద్దగా కనిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, టైము దానంతటదే సెట్ చేసుకోవాలి. నేను ముట్టుకోకూడదు. మా ఇంట్లో ఎవ్వరూ ముట్టుకోకూడదు."

"బడ్జెట్?"

"ఈత మాస్టారి జీతం అండీ."

ఆమె మొదటి వాచీ తీసి అద్దం మీద పెట్టింది. "ఇది శాటిలైట్ నుంచి టైము తీసుకుంటుంది. అడవిలో తప్పిపోయినా దారి చూపిస్తుంది."

అతను ధర చీటీ తిప్పి చూశాడు. "ఈ రేటు చూశాక నేను ఇక్కడే తప్పిపోయేలా ఉన్నాను."

"అయితే ఇది చూడండి. చవక. ఫోన్‌కి కలిపితే చాలు, ఫోన్‌లో ఉన్న టైమే ఇందులోకి వచ్చేస్తుంది. మీ ఫోన్ ఇవ్వండి, చూపిస్తాను." ఫోన్ అందుకున్నాక ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదేంటి, మీ ఫోన్ పదిహేను నిమిషాలు ఫాస్టుంది?"

"అమ్మ పెట్టిందండీ."

"ఫోన్‌లో కూడానా?"

"మా ఇంట్లో అన్నీ ఫాస్టేనండీ. హాల్లో గడియారం, వంటింట్లో గడియారం, నాన్న వాచీ. మనుషులమే స్లో."

ఆ వాచీ మారుమాట లేకుండా డబ్బాలోకి వెళ్ళిపోయింది. ఫోన్ అబద్ధమాడితే వాచీ కూడా అబద్ధమే ఆడుతుంది కదా. ఆమె కింద అరలోంచి మూడోది తీసింది. నల్లటి పట్టీ, పెద్ద అంకెలు, ఏ ఆర్భాటమూ లేదు.

"ఇది రేడియో వాచీ. ఎక్కడో దూరంగా ఒక టవర్ సరైన టైము పంపుతూ ఉంటుంది. పడుకునేముందు దీన్ని కిటికీ దగ్గర పెడితే అది విని తప్పు దిద్దుకుంటుంది. పగలు ఎవరు మార్చినా సరే, తెల్లారేసరికి మళ్ళీ సరైన టైముకే వచ్చేస్తుంది. ఎవరి మాటా వినదు. ధర కూడా మీకు సరిపోతుంది."

"మా ఇంటికి ఇలాంటిదే రావాలండీ," అన్నాడు అతను ఆమె ముఖంలోకి చూస్తూ. ఒక్క క్షణం ఆగి, "వాచీ గురించే అన్నాను," అన్నాడు.

"నేను ఇంకేమీ అనుకోలేదు," అంది ఆమె. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వెనక గదిలోంచి గొంతు వినిపించింది. "బేరాలు లేవు."

"నేనింకా అడగలేదు కదండీ."

"అడగబోతున్నారు."

ఆమె ఆ వాచీని తనే అతని చేతికి కట్టింది. అవసరమైన దానికంటే రెండు చిల్లులు వదులుగా కట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ కట్టింది. అతను అభ్యంతరం చెప్పలేదు.

ఇంట్లో ఆ వాచీకి పెద్ద పరీక్షే ఎదురైంది. "కొత్తదా, ఇలా తే," అని వాళ్ళమ్మ బటన్లు నొక్కి పదిహేను నిమిషాలు ముందుకి జరిపింది. తెల్లారి చూస్తే మళ్ళీ మామూలే. ఆవిడ మళ్ళీ జరిపింది. అది మళ్ళీ సర్దుకుంది. "దీనికి పెద్దంతరం చిన్నంతరం లేదురా," అని ఆవిడ చివరికి చేతులెత్తేసింది.

అంత నిక్కచ్చి వాచీ చేతికున్నా లేటు సార్ లేటుగానే వెళ్తున్నాడు. గేటు దగ్గర తువ్వాళ్ళు, వణుకు, అదే పేరు. అతనికి ఒకటే అర్థమైంది. వాచీ పాడైంది.

"ఇది పదిహేను నిమిషాలు స్లో అండీ," అన్నాడు షాపుకొచ్చి.

ఆమె దాన్ని గోడ గడియారం పక్కన పెట్టి చూసింది. సెకను కూడా తేడా లేదు. "వాచీలో లోపం లేదు."

"అయితే నాలోనే ఉందంటారా?"

"వాచీకి గ్యారంటీ ఉంది. మీ సంగతి నాకు తెలియదు."

ఆ మాట విని ఎవరైనా ఇంకో షాపు చూసుకుంటారు. అతను మాత్రం తర్వాత పట్టీ బిగుతైందని వచ్చాడు. ఇంకోసారి వదులైందని వచ్చాడు. లైటు వెలగట్లేదని వచ్చి, ఆమె నొక్కితే వెలిగింది కాబట్టి ఆమె చెయ్యి మంచిదని తేల్చాడు. వెనక గదిలో ఆమె నాన్న చేతిలోని గడియారంతో చెప్పినట్టుగా, "నీళ్ళలో మునగని వాచీ అమ్మాం. కుర్రాడే మునిగిపోతున్నాడు," అన్నాడు.

ఇక సాకులన్నీ అయిపోయాయి. "రేపు సాయంత్రం ఆరింటికి, పూల్ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ఒక టీ తాగుదామా?" అన్నాడు.

"ఆరంటే ఆరేనా?"

"మీరమ్మిన వాచీయే కదండీ నా చేతికుంది."

మర్నాడు ఆరింటికి ఆమె అక్కడుంది. ఆమెతోపాటు వాన కూడా వచ్చింది. టీ కొట్టు పైన కట్టిన పట్టా ఎక్కడ చిరిగిందో సరిగ్గా అక్కడే ఆమెకి చోటు దొరికింది. మొదటి టీ చల్లారిపోయింది. మల్లెపువ్వులా ఇస్త్రీ చేసుకొచ్చిన చున్నీ ముద్దయిపోయింది. అప్పుడు వచ్చాడు అతను, ఒళ్ళంతా తడిసి, ముఖమంతా వెలుగుతూ.

"అరే, మీరు ముందే వచ్చేశారా?"

ఆమె కొరకొరా చూసింది. "చెయ్యి ఇటివ్వండి."

అతను సంతోషంగా ఇచ్చాడు. ఆమె పట్టుకున్నది చేతిని కాదు, వాచీని.

"ఇందులో ఎంతైంది?"

"ఆరుంపావు."

"మీరు రమ్మన్నది?"

"ఆరింటికి. అంటే ఇప్పుడే కదండీ."

"ఆరుంపావు ఇప్పుడే ఎలా అవుతుంది?"

"పదిహేను తీసేస్తే ఆరే కదండీ," అన్నాడు అతను, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు.

"ఎందుకు తీసేయాలి?"

అతను వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. ఇంట్లో గడియారాలన్నీ అమ్మ ముందుకి జరుపుతుంది, అందుకని అందరూ పదిహేను తీసేసుకుంటారు. ఎక్కాలకంటే ముందు అతనికి ఈ తీసివేతే వచ్చింది. బస్టాండు గడియారమైనా, పరీక్ష హాల్లో గడియారమైనా చూడగానే పదిహేను తీసేయడమే.

"ఆ రోజు మా షాపులో కూడానా?"

"అక్కడ కూడా," అన్నాడు తల దించుకుని.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. చేతిలో గ్లాసు కదిలి టీ ఒలికేదాకా నవ్వింది. అంతలోనే ఎందుకో ఆ నవ్వు ఆగిపోయింది.

"ఆ వాచీ అబద్ధం చెప్పదని ఎన్నిసార్లు చెప్పాను. మీరు నమ్మలేదన్నమాట."

"మిమ్మల్ని నమ్మానండీ. వాచీనే..."

"అది నేను ఏరి ఇచ్చిన వాచీ."

అతను వాచీని చొక్కా అంచుతో తుడిచాడు. వాన మాత్రం చిరిగిన పట్టాలోంచి తన పని తాను చేసుకుపోతోంది. ఆమె రోడ్డు వైపు చూస్తూ అంది.

"ఆదివారం సాయంత్రం ఐదింటికి మీ అమ్మానాన్నల్ని తీసుకుని మా ఇంటికి రండి. నాన్న చూడాలంటున్నారు."

"చూడ్డమంటే, వాచీనా?"

"వాచీనైతే షాపులోనే చూసేవారు."

అతను టీ కొట్టువాడు చేతికిచ్చిన గ్లాసు సంగతే మర్చిపోయాడు.

"పూర్తిగా వినండి," అంది ఆమె. "పోయినసారి ఒక సంబంధం వాళ్ళు ఆలస్యంగా వచ్చారు. నాన్న గుమ్మంలోనే మంచినీళ్ళిచ్చి పంపించేశారు. టైముకి రానివాడు మాట మీద కూడా నిలబడడని ఆయన నమ్మకం. నాకు మీరంటే ఇష్టం. కానీ ఆయన కాదన్నాక ఎదురు చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే."

"అయితే నాకు నాలుగూ ముప్పావు అని చెప్పండి. గొడవే ఉండదు."

"నేను అబద్ధం టైము చెప్పను. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. ఐదంటే ఐదే."

ఆదివారం వచ్చింది. శుభమా అని సంబంధానికి వెళ్తున్నాం కదా అని వాళ్ళమ్మ హాల్లో గడియారాన్ని ఇంకో పావుగంట ముందుకి తోసింది. ఆవిడ చీర మార్చుకోవడానికి వెళ్ళగానే నాన్న కుర్చీ ఎక్కి ఆ పావుగంటా వెనక్కి లాగాడు. ఆవిడ వచ్చి చూసి, అయ్యో మర్చిపోయానే అనుకుని మళ్ళీ తోసింది. ఇప్పుడు టైమెంత అని అడిగితే ఆ ఇంట్లో తలా ఒక జవాబు చెప్పారు. ఎవరి జవాబుకి వాళ్ళదగ్గర లెక్క ఉంది.

అతను చేతి వైపు చూసుకున్నాడు. వెంటనే మనసు పదిహేను తీసేసింది. ఇంకా బోలెడు టైముంది, ఒక టీ తాగొచ్చు అంది. కాళ్ళు కూడా సోఫా వైపే వెళ్ళాయి. అంతలో వాన, ఒలికిన టీ, "నేను ఏరి ఇచ్చిన వాచీ" అన్న గొంతు గుర్తొచ్చాయి.

"ఇందులో ఎంతుంటే అంతే," అన్నాడు పైకే.

వాళ్ళమ్మ కంగారుగా వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఒంట్లో బాగానే ఉందా నాన్నా?"

"నేను వెళ్తున్నానమ్మా. మీరు వెనకాల వచ్చేయండి."

"ఇప్పటినుంచీ వెళ్ళి ఏం చేస్తావురా?"

అప్పటికే అతను వీధిలో ఉన్నాడు. మొదటిసారి గట్టు వదిలిన పిల్లాడికి కాళ్ళ కింద నేల తగలనట్టే ఉంది అతనికి. తను పిల్లలకి చెప్పే మాటే తనకి చెప్పుకున్నాడు. భయపడకు, నమ్ము, అదే తేలుస్తుంది.

అతను బెల్లు కొట్టేసరికి లోపల గడియారం ఐదు గంటలు కొడుతోంది. ఆమె నాన్న తలుపు తీశాడు. కంటికి భూతద్దం అలాగే ఉంది. చేతిలో విప్పిన పాత టైంపీసు ఉంది.

"మీ వాళ్ళేరి?"

"వెనక వస్తున్నారండీ. వాళ్ళ గురించి నేను మాటివ్వలేను. నేనైతే వచ్చాను."

లోపలినుంచి, "ఎవరు నాన్నా?" అంటూ ఆమె వచ్చింది. తలకి తువ్వాలు చుట్టి ఉంది. ఒక చెవికే లోలాకు ఉంది. అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నువ్వా? అప్పుడే వచ్చేశావేంటి?"

ఇద్దరి మధ్యా అప్పటిదాకా ఉన్న మీరూ గీరూ ఆ కంగారులో ఎక్కడో జారిపోయాయి.

"ఐదన్నావు కదా."

"అన్నాననుకో. నువ్వు ఐదుంపావుకి కదా వస్తావు."

నాన్న భూతద్దం తీసి కూతురి వైపు తిరిగాడు. "నాకు ఐదని చెప్పి, నువ్వు ఐదుంపావుకి తయారవుతున్నావా?"

"పదిహేను కలుపుకున్నాను నాన్నా," అంది ఆమె నేలకేసి చూస్తూ.

"ఇందాక ఎప్పుడూ లేనిది, ఈ టైంపీసు అర్జెంటుగా బాగుచేయమని ఇచ్చావే, అది ఇందుకేనా?"

ఆమె తలూపింది. "నువ్వు రిపేరులో పడితే గడియారం వైపు చూడవని."

ఆయన టైంపీసుని గుమ్మం పక్క బల్లమీద, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టేశాడు. ముల్లు తేడా లేకుండా పెంచిన పిల్ల.

ఈత మాస్టారికి మాత్రం గుండె నిండిపోయింది. "నీ కోసం నేను తీసేయడం మానేశాను. నా కోసం నువ్వు కలపడం మొదలుపెట్టావా?"

"ఎందుకు మానేశావు?"

"అది నువ్వు ఏరి ఇచ్చిన వాచీ. దాన్ని నమ్మకపోతే నిన్ను నమ్మనట్టే. నాకు నువ్వు కావాలి."

ఆమె తల మీది తువ్వాలు ఊడిపోయింది. సర్దుకోవాలన్న ధ్యాస కూడా లేదు. నాన్న పెద్దగా దగ్గాడు. అప్పుడు ఆమె లోపలికి పరిగెత్తింది.

ఆమె రెండో లోలాకు పెట్టుకుని వచ్చేసరికి వీధిలో హడావుడి వినిపించింది. అతని అమ్మ ముందు, అతని నాన్న వెనక, ఇద్దరూ రొప్పుతూ మెట్లెక్కారు. ఆవిడ ముఖం గర్వంతో వెలిగిపోతోంది.

"చూశారా, ఐదంటే ఐదుకే వచ్చేశాం," అంటూ గుమ్మంలో అడుగుపెట్టి గోడ వైపు చూసింది. గడియారంలో ఐదుంపావు. ఆవిడ జాలిగా నవ్వింది. "అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. మీ గడియారం పదిహేను నిమిషాలు ఫాస్టుంది."

ఆయన జీవితంలో ఆ మాట ఆయనతో అన్నవాళ్ళు లేరు. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఆయన గడియారం వైపు చూశాడు. కూతురి తడిజుట్టు వైపు చూశాడు. మంచినీళ్ళ గ్లాసు బల్లమీదే ఉంది, అటు కూడా ఒకసారి చూశాడు.

"అవునమ్మా," అన్నాడు చివరికి. "ఫాస్టే. మా అమ్మాయి కోసం నేనే అలా పెట్టాను. మీరు సరిగ్గా ఐదుకే వచ్చారు. రండి, లోపల కూర్చుందాం."

ఈత మాస్టారు అలవాటుగా వాచీ చూసుకోబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది. మళ్ళీ వదల్లేదు.