మెట్ల కింది సర్వర్ గది

ఆ ఫ్యాక్టరీలో మెట్ల కిందున్న సర్వర్ గదికి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా వెళ్లరట. పగలంతా కోతలు కోసే వీరులు కూడా ఆ తలుపు దగ్గరికి రాగానే ఏదో పని గుర్తొచ్చి వెనక్కి తిరుగుతారట.

కారణం లేకపోలేదు. ఇరవై ఏళ్లు ఆ గదిని చూసుకున్న పెద్దాయన పది నెలల క్రితం గుండె ఆగి పోయాడు. ఆయన పోయిన వారానికల్లా... రోజూ రాత్రి ఆయన పేరుతో మెయిల్ రావడం మొదలైంది!

వచ్చేది ఆయన కుర్చీలో కూర్చున్న కొత్తవాడికి. వాడికి ఆ పేరు చూస్తేనే ముచ్చెమటలు పట్టాయి. ఒక్కటీ తెరవకుండా, అన్నీ నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఏర్పాటు చేసుకున్నాడు. దెయ్యానికి దారి మూసేశానని మురిసిపోయాడు కూడా.

వాడు షిఫ్టు సూపర్‌వైజరమ్మకి స్వయానా మరిది.

ఆ రాత్రి ఆవిడ వాడి రెక్క పట్టుకుని మెట్లు దిగుతోంది. అంతకు వారం ముందు కటింగ్ మిషన్లో పడి ఒక కార్మికుడి చెయ్యి పోయింది. మిషన్ మీది రక్షణ రేకు ఊడింది, ఆపేయించండి అని ఆవిడ నాలుగు నెలల క్రితమే మేనేజరుకి మెయిల్ పెట్టింది. నాకేదీ రాలేదని మేనేజరు బుకాయిస్తున్నాడు. తెల్లారితే విచారణ. ఆ మెయిల్ చూపించకపోతే పాపమంతా ఆవిడ నెత్తినే. సరిగ్గా ఆ మధ్యాహ్నమే మెయిల్ సర్వర్ కాస్తా చచ్చి ఊరుకుంది.

"మెయిళ్లన్నిటికీ బ్యాకప్ కాపీ ఉంటుందన్నావుగా?" గుసగుసగా అడిగింది.

"ఉంటుంది వదినా... బ్యాకప్ కంప్యూటర్ మీద పచ్చలైటు రోజూ వెలుగుతూనే ఉంది... పొద్దున్నే వద్దామా?"

"నోర్మూసుకుని తలుపు తియ్యి."

తలుపు కిర్రుమంది. లోపల చలి. చీకట్లో ఏదో గురగురలాడుతోంది... మరిది ఆవిడ వెనక నక్కాడు.

"ఫ్యానురా వెధవా," అంది గానీ, తలుపు మాత్రం మూయనివ్వలేదు.

మూలనున్న బ్యాకప్ కంప్యూటర్ మీట నొక్కింది. తెర వెలిగింది. తెర నిండా — పెద్దాయన పేరు! పైనుంచి కిందికి, ఆ కంప్యూటర్ నుంచే వెళ్లిన మూడొందల దాకా మెయిళ్ల కాపీలు...

మొదటిది తెరిచింది.

'డిస్క్ నిండిపోయింది. ఈ రాత్రి బ్యాకప్ కాలేదు. కొత్త డిస్క్ పెట్టండి.'

రెండోది... అదే. పదోది... అదే.

దెయ్యమూ లేదు, పాడూ లేదు. బ్యాకప్ ఆగితే తన పేరుతో కబురు పంపమని పెద్దాయన ఎప్పుడో రాసి పెట్టిన ప్రోగ్రాం అది. ఆయన ఉన్నన్నాళ్లూ డిస్క్ నిండకముందే మార్చేసేవాడు గనక దానికి నోరు విప్పే పనే పడలేదు.

"మరి పచ్చలైటు..."

"అది కరెంటు ఉందని వెలుగుతోందిరా."

ఆఖరి బ్యాకప్ తారీఖు చూసింది. పది నెలల కిందటిది. ఆవిడ మెయిల్ అందులో ఎలా ఉంటుంది?

"నన్ను క్షమించు వదినా, ఒక్కటంటే ఒక్కటి తెరిచి చూసినా..." మరిది ఏడుస్తున్నాడు. ఆవిడకి కోపం కూడా రాలేదు. రేపు ఆ చెయ్యి పోయినవాడి భార్య అందరి ముందూ తన మొహంలోకి చూస్తుంది.

అంతలో తెర కదిలింది. ఆ రాత్రి పంపాల్సిన కబురు తెర మీద పడింది.

'డిస్క్ నిండిపోయింది. ఈ రాత్రి బ్యాకప్ కాలేదు.'

దాని కింద, ఆ మూడొందల మెయిళ్లలో దేంట్లోనూ లేని మాట ఇంకొకటి... ఒక్కో అక్షరమే పడుతూ వచ్చింది.

'ఆలస్యంగా వచ్చావమ్మా.'