ఐసులో ఉప్పు

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, వైజాగ్ నుంచి సెలవులకి వచ్చిన స్నేహలతక్క, నేను ఉన్నాం. ముసురు పట్టి కరెంటు పోయింది. చేపల లారీలు కైకలూరు రాక మా ఐసు కొట్టులో బేరం లేదని నాన్న విసుక్కుంటున్నారు.

గేటు దగ్గర ఒకతను థర్మోకోల్ పెట్టెని చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డాడు. గొడుగు పెట్టెకే పట్టాడు. తను మాత్రం నిలువునా తడిసిపోయాడు.

తల దువ్వుకుంటున్న అక్క దువ్వెన జడలోనే వదిలేసి లేచింది. అక్క ఫోనులో గుసగుసలాడేది ఈ నెల్సన్‌తోనే అని నాకొక్కదానికే తెలుసు. నాన్నకి తెలిస్తే?

"నమస్కారమండీ. స్నేహలత గారితో వైజాగ్‌లో రీసెర్చి చేస్తున్నానండీ. మాది తాడేపల్లిగూడెం. హైదరాబాదు నుంచి ఈ యాంటీబాడీ పట్టుకెళ్తుంటే వానకి ఏలూరులో రైలు ఆపేశారు. పెట్టెలో ఐసు కరిగిపోయింది. మీ ఇంట్లో ఉంటుందని..."

"మా ఇంట్లో ఐసుకి కరువా బాబూ! లోపలికి రండి" అన్నారు నాన్న.

అమ్మ తువ్వాలు ఇస్తూ అడిగింది. "యాంటీబాడీ అంటే మందా?"

"కాదండీ. మనిషి కణాల్లో వేల రకాల ప్రోటీన్లుంటాయి. ఇది మోనోక్లోనల్ యాంటీబాడీ. తనకి కావలసిన ఒక్క ప్రోటీన్‌నే వెతికి పట్టుకుంటుంది. ఇంక దేన్నీ ముట్టుకోదు."

చెప్పింది అమ్మకి. చూసింది అక్కని.

"మగాళ్ళు కూడా అలా ఉంటే ఎంత బాగుండు" అంది అమ్మ. అక్కకి దగ్గొచ్చింది.

అమ్మ అటు తిరగగానే నెల్సన్ గొంతు తగ్గించాడు. "స్నేహా, పెట్టెలో ఈ యాంటీబాడీ సీసా చల్లగా ఉంటే చాలు. గడ్డకట్టిందంటే పనికిరాదు. ఆర్డరు పెట్టిన ఎన్నాళ్ళకో వచ్చింది. ఇది పాడైతే నా రీసెర్చి ఆగిపోయినట్టే. మా సార్ నన్ను కొల్లేట్లో దూకమంటారు."

"దూకండి. ఎలాగూ తడిసే ఉన్నారుగా."

అతను బట్టలు మార్చుకోడానికి వెళ్ళాడు. అమ్మా అక్కా టీ పెట్టడానికి వెళ్ళారు. నాన్న ఐసు దంచి తెచ్చి సీసా చుట్టూ కూరారు. తర్వాత రాళ్ళుప్పు డబ్బా తీశారు.

దూరం వెళ్ళే రొయ్యలకి నాన్న అలాగే చేస్తారు. ఐసులో ఉప్పు కలిస్తే లోపలున్నది గడ్డకట్టి రాయైపోతుంది.

"వైజాగ్ ఏంటే, ఒరిస్సా దాకా కరగదు" అన్నారు నాన్న హుషారుగా. ఒక గుప్పెడు చల్లారు.

బళ్ళో హాజరు పలకడానికే నాకు గొంతు రాదు. నాన్నకి వద్దని చెప్పడం ఎలా? ఇంకో గుప్పెడు పడింది.

"నాన్నా, ఉప్పొద్దు."

వాన చప్పుడులో వినపడలేదు. చెయ్యి మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది.

"నాన్నా! ఉప్పొద్దు! గడ్డకడితే అది చచ్చిపోతుంది!"

అక్క వంటింట్లోంచి పరుగున వచ్చి ఐసులో చెయ్యి పెట్టి సీసాని బయటికి తీసింది. నాన్న లుంగీలో బయటికొచ్చిన నెల్సన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అక్క సీసాని కిటికీ వెలుతురులో పెట్టి మెల్లగా వంచింది. గాజు మీద తెల్లటి పొర. ఏమీ కదల్లేదు. నాకు ఏడుపొచ్చేసింది.

అక్క ఇంకాస్త వంచింది. అడుగున చుక్కంత నీరు జారింది. ఇంకా గడ్డకట్టలేదు.

అక్క తిన్నగా వెళ్ళి సీసాని నెల్సన్ అరచేతిలో పెట్టి, రెండు చేతులతో అతని వేళ్ళు మూసింది. వదలడం మర్చిపోయింది.

నాన్న చూశారు.

"బాబూ, ఏలూరు బస్టాండు ఎదురుగా ఐసు కొట్లున్నాయి. ఒకటి మా బావమరిదిదే."

"తెలుసండీ."

"మరి ఇంత దూరం వచ్చారేం?"

నెల్సన్ జారుతున్న లుంగీని రెండో చేత్తో పట్టుకున్నాడు. "ఐసు ఒక్కదాని కోసమే అయితే వచ్చేవాణ్ణి కాదండీ. స్నేహలతని నాకిమ్మని మిమ్మల్ని అడగాలని వచ్చాను."

అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. నాన్న గుప్పిట్లో మిగిలిన ఉప్పు కిటికీలోంచి బయట పారేసి, చెయ్యి తుడుచుకుని, కుర్చీ లాగారు.

"కూర్చోండి. ముందు దీన్నెలా చూసుకోవాలో చెప్పండి. తర్వాత మా పిల్లనెలా చూసుకుంటారో చెబుదురు గాని." నా వైపు తిరిగారు. "క్యాథరిన్, నువ్వు అవతలికెళ్ళు."

అరిచి కాపాడింది నేనే కదా అనేలోగా, అక్క నా మొహం మీదే తలుపేసేసింది.