అవద్ సిపాయి హాజరు

ఆ శుక్రవారం జెద్దాలోని షరఫియా పేటలో హఫ్సా మెట్లెక్కి వచ్చిన తీరు చూసి సదానందం గబగబా కుర్చీ లాగి వేశాడు. ఆమె వెనకాల భర్త ఆఫ్తాబ్, వంచిన తల ఎత్తకుండా.

జెద్దాలో డిటెక్టివ్ అని బోర్డు కట్టుకునే వీల్లేదు. అందుకని మహబూబ్ సుభాని గుమ్మానికి టైపింగ్ సెంటర్ బోర్డే వేలాడుతుంది. కడప మనిషి. ఆయన ఒక్క చూపు చూస్తే ఎదుటివాడి కడుపులో ఉన్నదంతా బయటికొస్తుందని సదానందం నమ్మకం. ఏసీలు బాగుచేసుకునే ఆ జగిత్యాలవాడు సెలవురోజంతా ఆయన వెంట తిరిగేది అందుకే.

"కూర్చోమ్మా. మొదట్నుంచి చెప్పు," అన్నాడు సుభాని.

"సౌదీలను సరిపడ పెట్టుకోలేదని కంపెనీ నితాఖత్‌ల ఎరుపుల పడ్డది భాయ్‌సాబ్. ఈయన ఇఖామా ఇగ రెన్యూ గాదు, ఈడ ఉండనియ్యరు. మీదికెల్లి నాకూ పిల్లలకూ తలకింతని సర్కారు లెవీ. ఇంకో కఫీలు దొరకకపోతే అందరం ఎగ్జిట్ మీద ఇండియాకు పోవుడే. ఊర్ల ఇల్లు లేదు, పని లేదు."

దొరికినట్టే దొరికి జారిపోయిన కఫీలు, అంటే పూచీపడి పనిచ్చే యజమాని, షేక్ అబూద్ అనే అత్తర్ల వర్తకుడు. ఆయన తాత తమ్ముడు అవద్, 1900లో ముప్పై ఏళ్ల వయసులో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం రాజ్యానికి సిపాయిగా వెళ్లి అక్కడే ఉండిపోయాడు. అవద్ సంతానం ఎక్కడున్నా సరే, తన కొట్టులోకి తీసుకుంటానని, ఇంటిల్లిపాది లెవీ కూడా తానే కడతానని షేక్ కబురు పెట్టాడు. మహబూబ్‌నగర్ వైపు స్థిరపడిన ఆఫ్తాబ్ ఆ అవద్‌కు మునిమనవడు. తీరా వెళ్తే, షేక్ దగ్గరే గుమాస్తాగా ఉన్న దావూద్ ఆ మునిమనవణ్ని నేనేనన్నాడు.

"మా ముత్తాత పెద్ద జ్వరాలల్ల సచ్చిపోయిండని ఈయన జెప్పిండు," అంది హఫ్సా. "సిపాయిల హాజరు పట్టీల మాత్రం అటెనక తొమ్మిదేండ్లు జీతం తీసుకున్నట్టున్నదట. దావూద్ సరిగ్గ గట్లనే జెప్పిండు. షేక్ సాబ్ మా ఆయనను అబద్ధాలకోరన్నరు."

సుభాని ఆఫ్తాబ్ వైపు తిరిగాడు. "జ్వరాలు ఏ యేడు?"

"1918ల సార్."

"ఆయప్ప పోయినాక ఇల్లెట్ల గడిచె?"

ఆఫ్తాబ్ భార్య వంక చూశాడు. "గడిచింది సార్. ఎట్లనో గట్ల."

"ఏందో దాస్తాండావు," అన్నాడు సుభాని. అంతకుమించి అడగలేదు.

హైదరాబాదులో ఉన్న వకీలు స్నేహితుడికి ఆయన పని పురమాయించాడు. దావూద్ షేక్‌కు చూపించింది పేరూ జీతమూ మాత్రమే ఎత్తిరాసిన నకలు. సుభాని అసలు పట్టీ మొత్తం, హులియా అనే ఆనవాళ్ల గడితో సహా కావాలన్నాడు. దానితోపాటు 1921 జనాభా లెక్కల్లో ఆ ఇంటి వివరం కూడా. మరుసటి శుక్రవారం రెండిటి ఫొటోలూ ఫోనుకు వచ్చాక, ఉర్దూ రాని సదానందం కోసం చదివి వినిపించాడు. జనాభా లెక్కలో ఇంటి పెద్ద మరియం, వితంతువు. కొడుకు ముబారక్, పద్దెనిమిదేళ్లు. అదే ఏడాది హాజరు పట్టీలో సిపాయి అవద్: పొడగరి, ఎడమ చెంపన మశూచి మచ్చ, మీసకట్టు ఇంకా రాలేదు.

"యాభై ఏండ్లు దాటినోనికి మీసం రాకపోవుడేంది సార్?" అన్నాడు సదానందం.

"ఆ మాట షేక్ ఇంట్లోనే అడుగుదాం పా."

షేక్ ఇంటి మజ్లిస్ గదిలో అందరూ కూర్చున్నారు. హిందుస్తానీ పనివాళ్లతో నలభై ఏళ్లుగా వేగిన ముసలాయనకు ఉర్దూ బాగానే వచ్చు.

"1921లో మీ ముత్తాత ఎట్లుండేవాడు దావూద్?" అడిగాడు సుభాని.

"మా తాత చెప్పేవాడు భాయ్. తెల్లగడ్డం, భుజాన తుపాకీ. పండగ సవారీలో ముందు నడిచేవాడు."

సుభాని ఫోను షేక్ ముందు పెట్టాడు. "షేక్ సాబ్, ఆ తెల్లగడ్డం ముసలాయనకు మీసమే రాలేదని దఫ్తరులో రాసుకున్నారు."

దావూద్ ఫోను వైపు ఒంగి చూశాడు.

"ఆ కాలంలో సిపాయి కొలువు మనిషిది కాదు, ఇంటిది," అన్నాడు సుభాని. "చచ్చినోడి పేరు కొట్టేస్తే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అందుకని కొడుకు తండ్రి తుపాకీ పట్టుకుని వరసలో నిలబడి, తండ్రి పేరుకే హాజర్ అనేవాడు. జమేదారుకూ తెలుసు, జీతమిచ్చేవాడికీ తెలుసు. అవద్ పోయాడు. ఆ పేరుతో నిలబడింది ముబారక్. హైదరాబాదు నుంచి మీకొచ్చిన పట్టీ ముందు పడింది మీ గుమాస్తా దావూద్ చేతిలో. హులియా వదిలేసి నకలు తీశాడు, దానికి కథ అల్లాడు. ఆ ఇంట్లో పుట్టినవాడు చావు చెప్తాడు. కాగితం చదివినవాడు జీతం చెప్తాడు."

"లెవీకి నేనూ భయపడ్డాను భాయ్," అని దావూద్ మొహం కప్పుకున్నాడు.

సదానందం ఛాతీ ఉప్పొంగింది. షేక్ లేచి ఆఫ్తాబ్‌ను దగ్గరికి తీసుకుని నుదురు ముద్దాడాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

"తొమ్మిదేళ్లు నా రక్తం చచ్చినవాడి జీతం తిన్నదా?" అన్నాడు ముసలాయన మెల్లగా.

ఆఫ్తాబ్ తలూపాడు. షేక్ చేతులు వెనక్కి లాక్కున్నాడు. "అది హరామ్. అలాంటి ఇంటిని నా కొట్టులో పెట్టుకోను. నువ్వూ, ఈ దావూదూ, ఇద్దరూ వెళ్లండి."

"అందుకే నేను జెప్పలే సార్," అన్నాడు ఆఫ్తాబ్ సుభానితో. "ఎవరికీ జెప్పనని మా నాయిన ఖురాన్ మీద ఒట్టేయించిండు."

సుభానికి ఒళ్లు మండింది. "మీ కొట్టు ఆకుపచ్చలో ఎట్లుంది షేక్ సాబ్? జీతాల పట్టీలో ఆరుగురు సౌదీ కుర్రాళ్లు ఉన్నారని పోయిన నెల నా దగ్గరే టైపు చేయించారు. ఒక్కడైనా వచ్చి గల్లా దగ్గర నిలబడ్డాడా?"

షేక్ ఖహ్వా కాఫీ కప్పులు తీసేయమని సైగ చేశాడు.

మెట్లు దిగుతుంటే హఫ్సా ఆగింది. "మీరు గెలిచిండ్రు భాయ్‌సాబ్," అంది. ఎత్తిపొడుపు కాదు, మర్యాదకే అంది. సుభానికి మాట దొరక్కపోవడం సదానందం చూడటం అదే మొదలు. ఆ ఆదివారమే ఆఫ్తాబ్ నలుగురి పాస్‌పోర్టులూ పట్టుకుని ఎగ్జిట్ ముద్ర కొట్టించుకోవడానికి వెళ్లాడు.