ముళ్ళు లేని చేప

"అమ్మగారూ, మీరే కాపాడాలి. నా కొట్టు మూయించేస్తామంటున్నారు!"

తలుపు తీసీ తీయకముందే లోపలికొచ్చి పడింది చేపలామె. ఒకప్పుడు ఆసుపత్రి ల్యాబులో పనిచేసి, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరు తెచ్చుకున్న భూతద్దం మేడమ్ ఆమెకు కుర్చీ చూపించింది. అసిస్టెంటు మంచినీళ్ళు తెచ్చాడు.

గొడవ ఇదీ. చేపలామె దగ్గర వారానికి రెండు మూడుసార్లు చేపలు కొనే ఇంట్లో కోడలు గర్భవతి. ఆమె రక్తంలో పాదరసం బాగా ఎక్కువగా ఉందని పరీక్షలో తేలింది. కడుపులో బిడ్డ మెదడుకు ప్రమాదమని డాక్టరు హెచ్చరించాడు. "విషం అమ్మావు" అంటూ ఆమె భర్త కొట్టు ముందు నానా యాగీ చేశాడు. రేపే ఫిర్యాదు ఇస్తాడట.

"ఏం చేపలమ్మా అవి?"

"కవళ్ళండీ. వేలెడంత చేపలు. తలకాయలతోనే ఇస్తాను. పెద్ద చేపలు నేనసలు తేను. అవే చేపలు నా కూతురూ తింటోంది, అదీ పసిబిడ్డ తల్లే. భయమేసి దాని రక్తమూ పరీక్ష చేయించాను. ఏమీ లేదన్నారు."

"తెలివైన పని చేశావు."

అసిస్టెంటు మొహం మాడిపోయింది. మేడమ్ నోటి నుంచి ఆ మాట వినాలని అతను ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాడు.

ఆ ఇంట్లో కోడలు సోఫాలో నీరసంగా వాలి ఉంది.

"చేపలంటేనే భయమేస్తోంది మేడమ్. ఇక జన్మలో ముట్టను."

"ఎవరు వండేవారు?"

"మా వదిన. ఎంత ఓపికో! ఇన్నాళ్ళలో ఒక్క ముల్లు నా నోట్లోకి రానివ్వలేదు."

వంటగది గుమ్మంలో నిలబడ్డ భర్త అక్కగారు మూతి తిప్పింది. "తమ్ముణ్ణి పెంచిన చేతులు, ముళ్ళు తీయలేవా? ఆ చేపలు వద్దురా అని మొత్తుకున్నాను. వింటేగా! వీడికి ఆ చేపలామె ఎంత చెబితే అంత."

"ఇప్పుడెందుకక్కా అవన్నీ?" విసుక్కున్నాడు భర్త.

మేడమ్ పెరట్లోకి నడిచింది. గోడ మీద పిల్లి ఒకటి బొద్దుగా, కదలడానికి కూడా బద్ధకంగా కూర్చుని ఉంది. గోడ కింద సన్నటి చేపల వెన్నుముళ్ళు, తలకాయలతో సహా కుప్పగా పడి ఉన్నాయి. వంటగది తూము జాలీలో బూడిదరంగు తోలుముక్క ఇరుక్కుని ఉంది. మేడమ్ దాన్ని వేలితో రుద్ది చూసింది. ఉప్పుకాగితంలా గరగరలాడింది.

"ఈ ఇంట్లో పిల్లిది రాజభోగం మేడమ్" అన్నాడు అసిస్టెంటు కుళ్ళుగా.

"అసలు విషయం నువ్వే చెప్పేశావోయ్."

ఏం చెప్పాడో అర్థంకాకపోయినా అతని మొహం చాటంతయింది.

సాయంత్రం అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. చేపలామె కూర్చోకుండా కవళ్ళ సంచితో తలుపు దగ్గరే నిలబడింది.

"కవళ్ళలో ముళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి" మొదలుపెట్టింది మేడమ్. "ఎంత ఓపికున్నా ఒకటో రెండో నోటికి తగలాలి. ఈవిడకి ఎప్పుడూ తగల్లేదు. ఎందుకంటే ఈవిడ కవళ్ళు తినలేదు. పిల్లి తింది. వండే చేపకి తలకాయ ముందే కోసేస్తారు, గోడ కింద వెన్నుముల్లు తలకాయతో సహా దొరకదు."

"మరి నేను తిన్నది?" అంది కోడలు.

మేడమ్ తోలుముక్కను బల్ల మీద పెట్టింది. "సొరచేప. దాని మాంసంలో ముళ్ళుండవు, తోలు ఇలా గరుకుగా ఉంటుంది. సముద్రంలో చిన్న చేపల్ని పెద్దవి, వాటిని ఇంకా పెద్దవి తింటాయి. వాటన్నిటిలోని పాదరసం ఏళ్ళ తరబడి సొర ఒంట్లో చేరుతుంది. చెప్పండి అక్కగారూ, ఎక్కడ కొన్నారు?"

అక్కగారు ముందు తల అడ్డంగా ఊపింది. తర్వాత ఒక్కసారిగా భగ్గుమంది.

"అవును, కొన్నాను! ముద్ద నోట్లో పెట్టుకుంటూ 'చేపలామె ఇలా వండమంది, చేపలామె అది మంచిదంది' అంటాడు వీడు. నా చేతి వంట తిని పెరిగినవాడు! అందుకే ఆవిడ చేపలు పిల్లికి పడేసి, పెద్ద బజార్లో ఖరీదైన చేప తెచ్చి, గుర్తుపట్టకుండా మెత్తగా చిదిమి వండిపెట్టాను. బిడ్డ బలంగా పుడితే ఆ పేరు నాకు రావాలనుకున్నాను. అందులో విషముందని నాకేం తెలుసు?"

ఆమె మొహం కప్పుకుని ఏడ్చింది. భర్త లేచి వెళ్ళి చేపలామె ముందు తలదించుకున్నాడు. "తప్పు నాది. ఫిర్యాదు ఇవ్వను. రేపు కొట్టు దగ్గర అందరి ముందూ చెబుతాను."

"డాక్టరుతో మాట్లాడాను" అంది మేడమ్ కోడలితో. "సొర మానేస్తే పాదరసం మెల్లగా దిగుతుంది. బిడ్డను ఆయన జాగ్రత్తగా గమనిస్తారు. కానీ చేపలు పూర్తిగా మానొద్దన్నారు. బిడ్డ మెదడుకు కావలసిన కొవ్వు ఆ చిన్న చేపల్లోనే ఉందట."

కోడలు లేచి వంటగదిలోకి వెళ్ళింది. చేపలామె తెచ్చిన కవళ్ళను తనే వేయించుకొచ్చి, ప్లేటును వదిన ముందుకు జరిపింది.

"ముళ్ళు తీసిపెట్టండి వదినా. ఈసారి నా కళ్ళ ముందు."

అక్కగారు కళ్ళు తుడుచుకుని మొదటి ముల్లు తీసి ప్లేటు అంచున పెట్టింది. కిటికీ అవతల గోడ మీంచి పిల్లి ఆ ప్లేటు వంకే కుళ్ళుకుంటూ చూసింది.