బాలమణి చూసిన యూరప్

ఆదివారం పొద్దున పది కాకముందే జహీరాబాద్‌లో ఎండ చుర్రుమంటోంది. మదన్‌మోహన్ ముందు గదిలో ఫ్యాన్ కింద కూర్చుని పక్కింటి మహేశ్వరికి ఫోన్‌లో యూరప్ ఫొటోలు చూపిస్తున్నాడు. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. భార్యాభర్తలిద్దరూ టూర్ నుంచి తిరిగొచ్చి పదిహేను రోజులైంది, ఈ ఫొటోలు చూడకుండా తప్పించుకున్న వాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. మహేశ్వరి మాత్రం పాపం తనే అడిగి వచ్చింది. వచ్చే నెల ఆమె, ఆమె భర్త అదే టూర్‌కు పోతున్నారు.

"సార్ చెప్పేది ఎట్లనూ ఇంటున్న. నువ్వు చెప్పక్కా, నీకు ఏ ఊరు నచ్చింది?" అంది మహేశ్వరి, చాయ్ తెచ్చిన ఆయన భార్య బాలమణితో.

బాలమణి ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ప్యారిస్" అంది కాసేపటికి. "ఆడ పడవల పోయినం. నీళ్లల్లనే ఇండ్లుంటయి..."

"అది వెనిస్!" మదన్‌మోహన్ పకపకా నవ్వాడు. "ప్యారిస్‌ల ఉండేది ఐఫిల్ టవర్."

"అవునవును, టవర్. జర ఒంగినట్టుంటది గదా?"

"ఒంగింది పీసా టవర్! ఇల్లు కదలనోళ్లు గూడ గిన్ని తప్పులు చెప్పరే బాలమణీ!"

మహేశ్వరి కూడా నవ్వబోయి, బాలమణి ముఖం చూసి ఆగిపోయింది. ట్రేలో కప్పులు గలగలమంటున్నాయి.

వంటింట్లో చిక్కుడుకాయలు తుంపుతున్న కూతురు సహస్రకు ఇదంతా వినిపించింది. ఆమె కోహీర్‌లో టీచరు, కాపురం రెండు వీధుల అవతలే. తల్లి లోపలికి రాగానే చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అమ్మా, ఇయ్యాల తారీఖెంత?"

"ఇరవై రెండు. ఏం పరీక్షనే ఇది?"

"మొన్న పొయ్యి మీద పాలు మర్చిపోయినవ్."

"పాలు ఎవ్వరు మర్వరే?" అంది కానీ బాలమణి గొంతులో ధైర్యం లేదు. మొగుడంపల్లిలో ఆమె తల్లి ఎల్లమ్మ ఆఖరి మూడేళ్లు కన్నబిడ్డనే పట్టుకుని "నువ్వెవరి కోడలివమ్మా?" అని అడిగేది. అదీ ఇలాగే, ఒక ఊరి పేరు ఇంకో ఊరికి చెప్పడంతోనే మొదలైంది.

"నాకు గూడ అట్లనే ఐతున్నదా బిడ్డా? నిన్ను గూడ మర్చిపోతనా?"

సహస్ర తల్లిని గట్టిగా పట్టుకుంది.

మహేశ్వరి వెళ్లగానే సహస్ర వచ్చి తండ్రి ముందు నిలబడింది. "నాన్నా, రేపే అమ్మను హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్‌కు చూపిద్దాం."

"డాక్టర్ ఎందుకు? ధ్యాస ఉంటే గదా మీ అమ్మకు! అన్ని దేశాలు తిప్పి చూపిస్తి. ఒక్కటి యాది పెట్టుకోకుంటే ఎట్ల? నలుగుర్ల నా ఇజ్జత్ పోతున్నది."

"ఇజ్జత్ గురించి తర్వాత చూద్దాం. ఫోన్ ఇటియ్యి." సహస్ర దాదాపు లాక్కుంది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి ఫొటో తెరిచింది. మదన్‌మోహన్, వెనక ఎత్తయిన టవర్. "ఇది ఏ ఊరమ్మా?"

బాలమణి కళ్లు చికిలించి చూసింది. "ఊరు తెల్వదు. గా పొద్దున మీ నాన్నకు సుగర్ రెండు వందల నలబై. హోటల్ల తీపి బన్నులు మూడు తిన్నడు."

"ఇది?"

"గీడ ఈయనకు కొత్త బూటు కరిసింది. ఎడమ మడిమకు పట్టీ ఏసిన."

"మరి ఇది?"

"గీ హోటల్ల అందరు కరిగిన చీజ్‌ల రొట్టె ముక్కలు ముంచుకొని తిన్నరు. ఈయనకు ఆ వాసన పడలే. నేను లోపలికి పోయి సైగలు చేసి పెరుగడిగి, ఇంటికాడికెళ్లి ఎండబెట్టి తీస్కపోయిన మన కడక్ జొన్న రొట్టె అండ్ల నానబెట్టిచ్చిన. అప్పటికి డబ్బల పదకొండు రొట్టెలున్నయి."

"ఆ చీజ్ ఎట్లుంది?"

"నేనెక్కడ తిన్న? ఈయన తినేసరికి బస్ ఎక్కుమన్నరు."

సహస్ర ఫొటోలు జరుపుతూనే ఉంది. నాలుగు వందల పైచిలుకు. అన్నింట్లో తండ్రే.

"అమ్మా, నీ ఫొటో ఏది?"

"తీసేదాన్ని నేనే గదా బిడ్డా. టవర్ కొస, ఈయన తల రెండు పడాలె. పడకుంటే మళ్ల తియ్యాలె. అది మంచిగ పడేటాల్లకు అందరు ముందటికి పోతుండె, మేము ఉరుకుతుంటిమి."

"విన్నవా నాన్నా?" సహస్ర తండ్రి వైపు తిరిగింది. "అమ్మ ఏదీ మర్చిపోలే. చూసి ఉంటే గదా మర్చిపోయేటందుకు!"

మదన్‌మోహన్ తల తిప్పి చూశాడు. కూతురి చేతిలోని ఫోన్‌లో తన ముఖమే తనవైపు చూసి నవ్వుతోంది. సిగ్గుతో ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఒక్క మాటన్న అనకపోతివి బాలమణీ."

"ఏమనాలె? చిన్నపిల్లగాని లెక్క సంబరపడ్తుంటిరి. నాకు గది మంచిగనే అనిపించింది." బాలమణి కొంగు మడతలు సరిచేసుకుంటూ గొంతు తగ్గించింది. "ఒక్కటి మాత్రం చూసిన. చెప్తె కోపం జేయొద్దు."

"చెప్పు."

"ఏ దేశమో తెల్వదు. మీరు బస్‌ల నిద్రపోయిన్రు. అందరు దిగుతుంటే మిమ్ముల ఒక్కరినే ఇడిసిపెట్టి నేను గూడ దిగిన. పెద్ద చెరువుండె. నీళ్లు ఒక దిక్కు పచ్చగ, ఒక దిక్కు నీలంగ. అవతల గుట్ట మీద ఎర్ర పెంకల ఇండ్లు, కిటికీలకు పూలకుండీలు. బల్ల మీద కూసున్న. మన గుంపుల ఒకామె ఐస్‌క్రీం తెచ్చిచ్చింది, ఏందో పుల్లటి పండుది. తినుకుంట కూసున్న. మీ సుగర్ గోలీల టైం దాటిపోయింది." ఆమె కళ్లు నిండాయి. "గోలీలే కాదు, అసలు మీరున్నరన్న సంగతే నా మతిల లేదు. మీరు లేచినంక మీ మొకం చూడాలంటే భయమైంది. నాకు గిప్పటికీ సమజైతలేదు, మా అమ్మ రోగం నాకు ఆడ్నే మొదలైందా?"

సహస్ర కళ్లు తుడుచుకుంది. మదన్‌మోహన్ లేచి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"ఐస్‌క్రీం మొత్తం తిన్నవా?"

"తిన్న."

"మంచిగుండెనా?"

"శానా మంచిగుండె."

ఆమె చేయి రెండు చేతులతో పట్టుకుని, కూతురు చూస్తుండగానే ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు.